ఇవ్వని తలనీలాలు

అబిగేలు తల సంగతి హాడో పోర్టు క్వార్టర్సంతటికీ తెలిసిపోయింది. తెలిసింది మాత్రం తప్పుగా.

బుధవారం పొద్దున్న హార్బరు వైపు నుంచి గాలి విసురుగా కొడుతోంది. అబిగేలు డాబా మీద తడి దుప్పటి తీగకు వేసి క్లిప్పు పెట్టబోయింది. చెయ్యెత్తగానే తలకు చుట్టుకున్న నీలం గుడ్డ ముడి వదులై, ఎగిరిపోయి అవతలి తీగకు చుట్టుకుంది. ఆ తీగ కిందే పక్క క్వార్టరు అప్పలకొండమ్మ గోనెపట్టా పరిచి ఉప్పుచేపలు తిరగేస్తోంది. ఆరు నెలల కిందట చౌల్దారీ ఊళ్ళో ఇల్లు వదిలి కొడుకు దగ్గరికి వచ్చిన ముసలమ్మ. మంచి మనిషే గానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

అబిగేలు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని చతికిలబడింది. చేతులు చిన్నవి, తల పెద్దది. ఎటు కప్పుకున్నా ఇంకోవైపు నున్నగా మెరుస్తూనే ఉంది.

"మామ్మా, ఆ గుడ్డ ఇలా ఇవ్వు."

అప్పలకొండమ్మ గుడ్డ సంగతే మరిచిపోయింది. చేపల చేతులు రెండూ జోడించి నిలబడింది.

"ఓలమ్మ! సిమ్మాద్రప్పన్నకి తల్నీలాలు ఇచ్చీసినావేటే! మే నెల్లో మొగుడూ పెళ్ళాం వైజాగెల్లినారు, అందుకేనా? నాతో ఒక్క మాటైనా అన్నేదు గదే!"

"గుడ్డ ఇవ్వు మామ్మా. గాలికి పోతుంది."

"ఇచ్చినావా నేదా, ముందు అది సెప్పు!"

"ఇచ్చాను. గుడ్డ ఇవ్వు."

ఆ ఒక్క ముక్కతో గుడ్డ చేతికొచ్చింది. అప్పలకొండమ్మను తప్పుపట్టడానికీ లేదు. ఆవిడ ఎరిగినంతలో, ఈ దీవుల తెలుగు ఆడమనిషి ఓడెక్కి వైజాగెళ్ళి బోడితలతో తిరిగొచ్చిందంటే కారణం ఒక్కటే. తాతల నాడు ఆ తీరం వదిలి వచ్చినా మొక్కులన్నీ అక్కడే ఉండిపోయాయి. అబిగేలు చర్చికి వెళ్ళే మనిషి కదా అన్న ఆలోచన ఆవిడకు రాకపోలేదు. వచ్చాక సంతోషం రెట్టింపయింది. మధ్యాహ్నానికల్లా మెట్ల మీద, నీళ్ళ ట్యాంకు దగ్గర, చేపలబండి దగ్గర ఇదే కబురు.

గురువారానికి చర్చికీ చేరింది.

అబిగేలు ఫీనిక్స్ బే జెట్టీలో ఓడ టిక్కెట్ల కౌంటర్లో పనిచేస్తుంది. గుర్తింపు కార్డు తీసుకోవడం, ఫొటో చూడడం, మొహం చూడడం, పేరు కొట్టడం, టిక్కెట్టు చింపి అద్దం కింద నుంచి తోయడం. రోజుకు మూడొందల మొహాలు. కార్డులో ఒకలా, ఎదురుగా ఒకలా ఉన్న మనుషుల్ని ఆమె ఏనాడూ రెట్టించి అడగలేదు. వయసొస్తుంది, రోగమొస్తుంది, మనిషి మారతాడు. తన కార్డు మాత్రం బ్యాగు అడుగున బోర్లా పడి ఉంటుంది. అందులో ఆమెకు పక్కపాపిట, భుజం మీదుగా వేసుకున్న జడ ఉన్నాయి.

ఫ్యాను తన వైపు తిప్పుకోదు, గుడ్డ కదులుతుందని. చెమట పడితే రుమాలుతో మెల్లగా అద్దుకుంటుంది, తుడుచుకోదు. కనుబొమ్మలు ఆమె తెల్లారక ముందే, భర్త శామ్సన్ లేవక ముందే, పెన్సిల్‌తో గీసుకున్నవి. గట్టిగా తుడిస్తే చెరిగిపోతాయి.

పదకొండున్నరకు ముసలివాళ్ళ లైన్లో యిర్మియా కనిపించాడు. చర్చిలో సంఘ పెద్ద. మెరైన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. లైను తప్పించి ముందుకు రావడం ఆయనకు చేతకాదు. ఇరవై నిమిషాలు నిలబడి, తన వంతు వచ్చాకే కిటికీ ముందు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఎక్కడికి బాబాయ్? రంగత్‌కా?"

"టిక్కెట్ వద్దమ్మా. ఒక మాట చెప్పిపోదామని వచ్చాను." గొంతు తగ్గించాడు. "ఈ ఆదివారం బల్ల పని కృపావతి చూసుకుంటుంది. మా రెండో కోడలు."

అబిగేలు చేతిలో ఉన్న కార్డు కింద పెట్టింది. ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం చర్చి వంటగది తాళం తీసి, రొట్టె కోసి, ఎండుద్రాక్ష ఉడికించి రసం తీసి, మర్నాడు సంఘానికి పంచే ప్రభు బల్లకు సిద్ధం చేసేది ఆమే. పదకొండేళ్ళుగా ఆమే. అత్తగారు వెరోనికా పోయేముందు ఆ తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. జుట్టు రాలడం మొదలయ్యాక ఆమెకు ప్రాణం కుదుటపడే చోటు అదొక్కటే. అక్కడ ఎవరూ ఆమె తల వైపు చూడరు, ఆమె చేతులు చేసిన పని చూస్తారు. ఆదివారమైతే చర్చిలో ఆడవాళ్ళందరూ నెత్తిన కొంగు వేసుకుంటారు, అందరిలో ఆమె ఒకతె.

"ఎందుకు బాబాయ్?"

"కొండకెళ్ళి తల ఇచ్చొచ్చావంట. నిజమేనామ్మా?"

"అంకుల్, జల్దీ కరో నా! బోట్ ఛూట్ జాయేగీ!" అని ఓడ తప్పిపోతుందన్న తొందరలో వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఏక్ మినట్ భయ్యా," అంది అబిగేలు. నాలుక చివర మాట సిద్ధంగానే ఉంది. ఇచ్చింది కాదు బాబాయ్, రోగం. దానికి పేరుంది, చిట్టీలున్నాయి. ఆయన వెనక ఉన్న లైనంతా అద్దంలోంచి తననే చూస్తోంది. రోగమన్న మాట ఆ అద్దం దాటించలేకపోయింది.

"ఏం చెయ్యమంటారు?" అని మాత్రం అడిగింది.

యిర్మియాకు పెద్ద బరువు దిగినట్టయింది. ఆయనకు కోపం లేదు. కోపం లేకుండా శిక్ష వేసేవాళ్ళతోనే చిక్కు.

"ఆదివారం ఆరాధనలో లేచి, తెలియక ఇచ్చాను, సంఘం క్షమించాలి అను. ఒక్క మాట. వచ్చే నెల నుంచి మళ్ళీ నువ్వే. నాదీ పూచీ." కిటికీ వదిలి, వెనకవాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం శామ్సన్ వింటూనే అన్నం కంచం పక్కకు నెట్టాడు. పోర్టులో క్రేను నడుపుతాడు. చిన్నగా మాట్లాడడం ఆ పనిలో అలవాటు కాలేదు.

"దిమాగ్ ఖరాబ్ హో గయా ఉన్‌కా? ఆస్పత్రి ఫైలు తీసుకుని ఇప్పుడే యిర్మియా బాబాయ్ ఇంటికెళ్తా. డాక్టరు రాసింది ఆయన చదువుకుంటాడు."

"వద్దు."

"ఎందుకొద్దు? చెయ్యని తప్పు ఒప్పుకుంటావా?"

"ఇచ్చానంటే తిడతారు. ఊడిపోయిందంటే అయ్యో అంటారు. నాకు ఆ అయ్యో వద్దు శామ్సన్. తిట్లు ఒకరోజులో అయిపోతాయి."

"అయ్యో అంటే నీకేం పోయింది?"

"ఇచ్చినదాన్నయితే నేనేదో చేసినట్టుంటుంది. ఊడినదాన్నయితే..." లేచి కంచాలు తీసింది.

శామ్సన్ ఆమె వీపు వైపు చూస్తూ కూర్చున్నాడు. వైజాగ్ ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది అతనూ విన్నాడు. ఒంట్లో కాపలా కాసే బలగమే పొరబడి వెంట్రుకల కుదుళ్ళను శత్రువులనుకుంటుందట. ఇది అంటుకోదు, ప్రాణానికి ముప్పు లేదు, మళ్ళీ రావచ్చు, రాకపోనూవచ్చు. ప్రాణానికి ముప్పు లేదన్న ముక్క పట్టుకుని అతను ఆ రోజు సంబరపడ్డాడు, హోటల్‌కు తీసుకెళ్ళి బిర్యానీ తినిపించాడు. ఆమె నాలుగు ముద్దలు తిని, బావుంది అంది. అప్పటి నుంచి ఇంట్లో ఆ ఊసే రాలేదు.

శుక్రవారం డ్యూటీ నుంచి వచ్చేసరికి అప్పలకొండమ్మ మెట్ల మీద మరో ముగ్గురు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని ఉంది. అబిగేలును చూసి అందరూ కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ఇదివరకు బకెట్టు అడ్డం తియ్యమంటే విననట్టు ఉండేవాళ్ళే.

"రా అమ్మా, రా. కొబ్బరి లౌజు సేసినాను, తిను." అప్పలకొండమ్మ గిన్నె ముందుకు తోసింది. "సెప్పు ఈళ్ళకి. కత్తి పెడితే ఎలాగుంటాదే?"

అబిగేలు తప్పించుకుపోదామనుకుంది. కానీ ముగ్గురు ఆడవాళ్ళు తల పైకెత్తి తననే చూస్తున్నారు. ఆ చూపులో జాలి లేదు. ఏడాదికి పైగా ఎవరి కళ్ళలోనైనా ఆమె వెతుక్కుంటున్నది అదే, జాలి లేకపోవడం.

"చల్లగా ఉంటుంది," అంది. "ముందు నీళ్ళు చల్లుతారు కదా. మెడ మీద కత్తి ఆనగానే ఒళ్ళు జల్లుమంటుంది."

"బాధనిపించలేదా దీదీ? అంత జుట్టు!" అని ఒకామె అడిగింది.

"ఇద్దామనుకునే వెళ్ళాను గదా. బాధెందుకు?"

ఇంత బాగా అబద్ధమాడగలనని ఆమెకే తెలియదు. లౌజు ముక్క నోట్లో వేసుకుంది. కాసేపు నిజంగానే మనసు తేలికపడింది.

"ఏటి బెంగనేదు," అంది అప్పలకొండమ్మ ఆమె మోకాలు నిమురుతూ. "ఆయన ఉంచీసుకోడు. ఆర్నెల్లు తిరిగేసరికి రెట్టింపు మొలిపిస్తాడు. నా తల ఇదే నాలుగోసారి. సూడు ఎంతొచ్చిందో!" అని తన నెరిసిన ముడి విప్పి చూపించింది.

నీళ్ళు పొయ్యి మీద పెట్టొచ్చానని చెప్పి అబిగేలు ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆర్నెల్లు తిరిగాక ఈ మెట్ల మీద ఏం చెప్పాలన్నది ఆమె ఆలోచించుకోలేదు.

శనివారం సాయంత్రం చర్చి వంటగది తాళం తీసి, తాళంచెవి కృపావతికి ఇచ్చింది. కృపావతికి ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. మామగారు చెప్పారు గనక వచ్చింది. ఇష్టం లేదని మొహం మీదే రాసుంది.

"నాకేం తెలియదక్కా. నువ్వు చెప్తూ ఉండు, నేను చేస్తా."

"ముందు చేతులు సబ్బుతో, మోచేతుల దాకా. గోళ్ళు చూడు."

రొట్టె అంచులు తీయడం చూపించింది. కత్తిని రంపంలా లాగాలి, నొక్కకూడదు, నొక్కితే రొట్టె అణిగిపోతుంది. ముందు పొడుగు ముక్కలు, తర్వాత అడ్డంగా. ఎండుద్రాక్ష నానిన గిన్నె స్టవ్ మీద పెట్టింది. ఉడికాక గరిటెతో మెదిపి, పలచటి గుడ్డలో పోసి పిండాలి. ఇద్దరూ చెరో చివర పట్టుకుని మెలితిప్పారు. వంటగదంతా తీపి ఆవిరి పట్టింది.

"జుట్టు రాలకుండా చూసుకో," అంది అబిగేలు. "కొంగు గట్టిగా చుట్టుకో. రొట్టెలో ఒక్క వెంట్రుక వచ్చిందంటే పరువు పోతుంది."

అలా చెప్పడం తనకే ఎలాగో అనిపించింది. కిందటేడు వర్షాల్లో, ఈ బల్ల ముందే, తెల్లటి గుడ్డ మీద తన వెంట్రుకలు ఏడు ఏరింది. నాలుగుసార్లు రొట్టె అంతా దీపం కింద పెట్టి వెతికింది. తలకు గుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టింది ఆ రోజే.

"అక్కా, ఇలా చూడు, మసి అంటుకుంది," అంటూ కృపావతి కొంగు చివరతో ఆమె కంటి పైన తుడిచింది. ఆవిరికి నానిపోయి ఉన్న ఎడమ కనుబొమ్మ మొత్తం కొంగుకు వచ్చేసింది.

కృపావతి కొంగు చూసింది. మళ్ళీ ఆ మొహం చూసింది. ఒక కంటి మీద బొమ్మ ఉంది, రెండో కంటి మీద వట్టి చర్మం ఉంది. కనురెప్పలకు వెంట్రుకలు లేవని కూడా అప్పుడే చూసింది.

"అక్కా," అంది, "కనుబొమ్మలు ఏ గుళ్ళోనూ తియ్యరు కదా."

అబిగేలు గిన్నె కడగడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నే మళ్ళీ కడిగింది.

"ఎవరికీ చెప్పకు."

"చెప్పను. మరి రేపు?"

"మీ మావయ్య చెప్పమన్నది చెప్తాను. ఒక్క మాటే కదా."

"ఈ బల్ల ముందు నిలబడా?" కృపావతి గొంతులో తప్పుపట్టడం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "నా వల్ల కాదక్కా. నీకు ధైర్యం ఎక్కువ."

ఇంటికి వెళ్ళేదారంతా అబిగేలు ఆ వాక్యం వల్లెవేసుకుంటూ నడిచింది. నేను తెలియక నా తల వెంట్రుకలు ఇచ్చాను, సంఘం నన్ను క్షమించాలి. పొట్టి వాక్యమే. ఇంతకంటే పెద్ద ప్రకటనలు జెట్టీ మైకులో రోజుకు పదిసార్లు చదువుతుంది.

ఆదివారం పాట అయ్యాక, ప్రసంగానికి ముందు, యిర్మియా లేచి, "సహోదరి అబిగేలు రెండు మాటలు చెబుతుంది," అన్నాడు. మగవాళ్ళ వైపు శామ్సన్ తల వంచుకుని కూర్చున్నాడు. కృపావతి సిద్ధం చేసిన బల్ల మీద తెల్ల గుడ్డ కప్పి ఉంది. ఒక మూల కాస్త వంకరగా ఉంది. అబిగేలు కొంగు నుదుటి దాకా లాక్కుని లేచింది.

"నేను తెలియక నా తల వెంట్రుకలు..." అంది.

అక్కడ ఆగిపోయింది. తర్వాతి మాట తెలుసు. మూడక్షరాలు. అది నోటికి రావడం లేదు. ఇచ్చానా? పొద్దున్నే దిండు మీద నుంచి ఒక్కొక్కటీ ఏరుకున్నదాన్ని. స్నానాల గది తూము దగ్గర వంగి, నీళ్ళలో కొట్టుకుపోతున్నవాటిని వేళ్ళతో పట్టుకున్నదాన్ని. దువ్వెన చూసి దువ్వుకోవడం మానేసినదాన్ని. పారెయ్యలేక పేపర్లో పొట్లాలు కట్టి బీరువాలో బట్టల వెనక దాచుకున్నదాన్ని. పద్నాలుగు నెలలు రెండు చేతులా పట్టుకుని వేళ్ళాడినదాన్ని, ఇచ్చానని ఎలా అంటాను? ఆ మాట అంటే ఆ జుట్టుకు అన్యాయం చేసినట్టే అనిపించింది ఆమెకు.

"చెప్పమ్మా," అన్నాడు యిర్మియా మెల్లగా.

"నేనివ్వలేదు," అంది అబిగేలు. గొంతు పెద్దగానే వచ్చింది. "ఎవరికీ ఇవ్వలేదు. దేవుడే వచ్చి అడిగినా ఇచ్చేదాన్ని కాదు. నా జుట్టంటే నాకంత ఇష్టం. రోగమొచ్చి పోయింది. కనుబొమ్మలూ పోయాయి, ఇవి పెన్సిల్‌తో గీసుకున్నవి. పక్కింటి మామ్మ అడిగితే ఇచ్చానని అబద్ధం చెప్పాను. దానికి క్షమించండి. జుట్టు సంగతికి కాదు."

కూర్చుంది. పాస్టరు అయ్యగారు కాసేపు బైబిలు కాగితాలు తిప్పి ప్రసంగం మొదలుపెట్టారు. రొట్టె పళ్ళెం తన వరుసకు వచ్చినప్పుడు అబిగేలు ఒక ముక్క తీసుకుంది. ముక్క అణగలేదు, కృపావతి బాగానే కోసింది.

ఆమె ఇన్నాళ్ళూ భయపడ్డదంతా ఆరాధన అయ్యాక గుమ్మంలోనే ఎదురైంది. అయ్యో అన్నారు. ఉల్లిపాయ రసం రాశావా అన్నారు. చౌల్దారీలో ఒక నూనె ఇస్తారన్నారు. నీకు మొదట్నుంచీ దిగులెక్కువ, అందుకే ఊడిందని ఒకామె తేల్చేసింది. ఇంకొకామె తన కూతుర్ని చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుంది. ఒక్కొక్కటీ చురుక్కున తగిలింది. కానీ కాళ్ళ మీద నిలబడే వింది.

యిర్మియా కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది.

"నాతో కౌంటర్లోనే చెప్పొచ్చు కదమ్మా. నేను పాపం కట్టుకున్నాను." కాస్త ఆగి, "సరే, వైద్యం పూర్తయ్యేదాకా విశ్రాంతి తీసుకో. బల్ల పని కృపావతి చూస్తుందిలే," అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. అదే అబిగేలుకు ఒళ్ళు మండించింది.

"రోగం నా తలకి బాబాయ్, చేతులకి కాదు. ఇది అంటుకోదు. వచ్చే నెల మొదటి శనివారం నాలుగింటికి వస్తాను. తలుపు తీసి ఉండాలి."

యిర్మియా కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. వెనక నుంచి కృపావతి, "తీసే ఉంటుందక్కా," అంది. మామగారు తిరిగి చూసినా తల దించలేదు.

కబురు అబిగేలు కంటే ముందే క్వార్టర్స్ చేరిపోయింది. నాలుగింటికి అప్పలకొండమ్మ వచ్చింది. ఎప్పుడు వచ్చినా గిన్నెలో ఏదో ఒకటి పట్టుకొచ్చే మనిషి, ఈసారి వట్టి చేతులతో వచ్చింది. శామ్సన్ కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుమ్మం పక్క గోడకు ఆనుకుని నేల మీద చతికిలబడింది. మనిషి పోయిన ఇంటికి వెళ్తే కూర్చున్నట్టు కూర్చుంది.

అబిగేలు ఎదురుగా కూర్చుంది. గుడ్డ కట్టుకుని లేదు. కనుబొమ్మలు కూడా కడిగేసుకుంది.

"నీతో అబద్ధం చెప్పాను మామ్మా. నువ్వు దణ్ణం పెడితే బాగుందనిపించింది."

"పోనీ లెద్దూ. నానేటి, గుడ్డ సేతిలో ఎట్టుకుని ఇవ్వకుండా నిన్నలాగ అడగొచ్చునా?" ముసలమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. బయట ఏదో ఓడ కూత వేసింది.

"నాను సూడ్నేదు గదమ్మా," అంది చివరికి. "ఎంతుండీది నీ జడ?"

అబిగేలు ఆమె వైపు చూసింది. ఎప్పట్నుంచి రాలుతోందని డాక్టరు అడిగాడు. మళ్ళీ వస్తుందా అని శామ్సన్ అడిగాడు. తలకేం రాస్తున్నావని పొద్దున్న చర్చంతా అడిగింది. పోయినదాని గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. లేచి, వెనక్కి తిరిగి, చెయ్యి వీపు వెనక్కి పెట్టి నడుం కిందుగా చూపించింది.

"ఇక్కడి దాకా. అల్లితే నా పిడికిలికి పట్టేది కాదు."

"ఓలమ్మ నా తల్లి," అంది అప్పలకొండమ్మ. కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. "నల్లగా?"

"ఎండలో కొంచెం ఎర్రగా. మా అమ్మది కూడా అంతే."

అంతవరకు బాగానే చెప్పింది. అమ్మ మాట రాగానే ఏడుపు తన్నుకొచ్చింది. పద్నాలుగు నెలల్లో ఒక్కసారీ ఏడవని మనిషి నేల మీద కూలబడి, పక్కింటికి వినపడేటట్టు ఏడ్చింది. శామ్సన్ గాభరాగా నీళ్ళు తెచ్చాడు. అప్పలకొండమ్మ గ్లాసు పక్కన పెట్టించి, అతన్ని కూడా కింద కూర్చోమని చేత్తో చూపించింది. ఊరుకోమని అనలేదు. ఏడుపు దానంతటది తగ్గేదాకా ఆగింది.

"మొదట ఎప్పుడు సూసినావు?"

"ఈస్టరుకి ముందు శనివారం. తలంటుకున్నాను." అబిగేలు ముక్కు తుడుచుకుంది. "చెవి వెనకాల, ఇక్కడ, రూపాయి బిళ్ళంత నున్నగా తగిలింది. సబ్బు అనుకున్నాను."

"నాతో చెప్పలేదే," అన్నాడు శామ్సన్.

"నువ్వు డ్యూటీలో ఉన్నావు. తర్వాత చెప్దామనుకున్నా."

అప్పలకొండమ్మ కాళ్ళు చాపుకుని గోడకు సర్దుకుని కూర్చుంది.

"ఆ తరవాత?" అంది.